పెద్ద టైర్ల బండీ, నేను చెప్పిన అబద్ధమూ

ఈ మధ్య నరసరావుపేటలో ఒక ఐటీఐ వాళ్లు నన్ను పిలిచి, మోటారు మెకానిక్ కోర్సు చదివే పిల్లలకు నా అనుభవాలు చెప్పమన్నారు. గంటసేపు చెప్పాను. పిల్లలు శ్రద్ధగానే విన్నారు. చివర్లో ముందు బెంచీలో ఉన్న ఒక అమ్మాయి లేచి, "సార్, మీరు ఈ పనిలో చేసిన పెద్ద తప్పేంది?" అని అడిగింది.

కొత్తలో ఒక లారీ ఇంజన్‌లో స్పానర్ మరిచిపోయి మూత బిగించేసిన సంగతి చెప్పాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. శాలువా కప్పించుకుని ఇంటికి వచ్చాను.

ఆ పిల్ల నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నేను తప్పించుకోవాలని ఏదో చెప్పాను. ఆమెకు చెప్పాల్సిన జవాబు ఇది. నోటితో చెప్పడం చేతకాలేదు కాబట్టి రాస్తున్నాను.

నా పని

గుంటూరులో ఒక కంపెనీ సర్వీసు సెంటర్‌లో పదిహేడేళ్లు చేశాను. తర్వాత నరసరావుపేటలో వినుకొండ రోడ్డున సొంత షెడ్డు పెట్టుకున్నాను. అది మూసేసి రెండేళ్లయింది. ఏ ఏడు ఏ హోదా వచ్చింది, ఏ ట్రైనింగుకు ఎక్కడికి పంపారు అన్నవి రాయను. వాటివల్ల మీకు ఒక బోల్టు కూడా ఊడదు.

నేను షెడ్డు పెట్టిన రోజుల్లో పల్నాడులో ఆటోమేటిక్ గేరుబాక్సు విప్పి మళ్లీ బిగించగలిగినవాళ్లు ఒకరిద్దరికి మించి లేరు. మాచర్ల నుంచి, గురజాల నుంచి, కృష్ణ అవతల నుంచి కూడా బండ్లు వచ్చేవి. "కోటేశ్వరరావు చెయ్యి పెడితే గేరు మారింది కూడా తెలవదు" అని డ్రైవర్లు అనుకునేవారు. ఆ మాట నా చెవిన పడినప్పుడల్లా ఏదో పనున్నట్టు తల వంచుకునేవాణ్ణి గానీ, లోపల పొంగిపోయేవాణ్ణి. నేను చెడిపోవడం అక్కడే మొదలైందని ఇప్పుడు అనిపిస్తుంది.

సాంబయ్య గారు

గుంటూరులో నా మొదటి ఫోర్‌మన్ పేరు సాంబయ్య. పెద్దగా చదువుకోలేదు. కోపిష్టి. బండి ఏది వచ్చినా ముందు దాన్ని రోజూ తోలే మనిషిని సీట్లో కూర్చోబెట్టి, తాను పక్కన కూర్చుని పది మైళ్లు తిరిగి వచ్చేవారు. అంతవరకు బానెట్ ఎత్తనిచ్చేవారు కాదు.

ఒకసారి ఒక లారీ డ్రైవరు, బండి కింద ఏదో చప్పుడొస్తోందని పట్టుబట్టాడు. నలుగురం విన్నాం. మాకేమీ వినిపించలేదు. డ్రైవర్ది భ్రమ అన్నాను నేను. సాంబయ్య గారు నా వంక చూసి, "నువ్వు ఆ బండిని గంట చూశావు. వాడు రోజంతా దాని మీదే ఉంటాడు. ఎవరికి తెలుసుద్దిరా?" అన్నారు. మూడో రోజున, వెనక చక్రాలను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు జాయింటులో వెంట్రుకంత పగులు దొరికింది.

నాకు ఈ పనిలో ఆయన కంటే మంచి గురువు దొరకలేదు. ఆయన నేర్పింది మరిచిపోయానని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. మరిచిపోలేదు. సొంతంగా లాప్‌టాప్ కొనుక్కున్నాక, అది పాతకాలపు పద్ధతి అనుకున్నాను, అంతే.

చలమయ్య గారి బండి

చలమయ్య గారిది గురజాల అవతల సున్నపురాయి క్వారీ కాంట్రాక్టు. నాలుగు తలుపులు, వెనక తొట్టి ఉన్న పెద్ద పికప్ ట్రక్కు కొన్నారు. ఆటోమేటిక్ గేర్లు, నాలుగు చక్రాలకూ లాగుడు ఉన్న బండి. కొన్న ఆరు నెలలకే కంపెనీ టైర్లు తీయించి, వాటికంటే మూడంగుళాలు ఎత్తున్నవి వేయించారు. క్వారీలో రాళ్లు తగలకుండా అని చెప్పేవారు. అసలు సంగతి, సెంటర్లో ఆయన ఆ బండి దిగుతుంటే జనం ఆగి చూసేవారు. అది ఆయనకు ఇష్టం.

టైర్లు మార్చిన నెలకు బండి నా షెడ్డుకు వచ్చింది. తెచ్చిన డ్రైవరు పేరు ఏసోబు. ముప్పాళ్ళ పక్క పల్లె. యాభై దాటిన మనిషి, బక్కపలచగా ఉంటాడు, మెల్లగా మాట్లాడతాడు. ఇరవై ఏళ్లు లారీలు తోలి, ఆ తర్వాత చలమయ్య గారి దగ్గర చేరాడు.

"మేస్త్రిగారూ, అరవైలో పోతా ఉంటే మూడుకీ నాలుక్కీ మధ్యన ఊగులాడతంది. ఒక గేరుని నిలకడగా పట్టుకోట్లేదు. ఎత్తు వస్తే చాలు, ముక్కుతంది. అదీగాక మీటర్లో అరవై చూపిస్తంది గానీ, బండి అంతకన్నా జోరుగా పోతన్నట్టుంది నాకు" అన్నాడు.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇక్కడ ఆగి, ఆ నాలుగు ముక్కలూ మళ్లీ చదవండి. ఏ పుస్తకంలోనూ అంతకంటే బాగా రాసి ఉండదు. చక్రం పెద్దదైతే ఒక్కో చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది. మీటరు మాత్రం పాత చక్రం లెక్కే చూపిస్తుంది. అరవై అని చూపించేటప్పటికి బండి అరవై ఆరులో పోతుంటుంది. పెద్ద చక్రాన్ని తిప్పడానికి బలం ఎక్కువ కావాలి. ఇంజన్ మాత్రం పాతదే. అందుకని గేరుబాక్సు పై గేరు వేస్తుంది, లాగలేక కింది గేరుకు దిగుతుంది, మళ్లీ పైకి పోతుంది. ఆ ఊగులాటలో లోపలి నూనె కాగుతుంది. ఆటోమేటిక్‌లో క్లచ్ ప్లేట్లు ఆ నూనెలోనే మునిగి ఉంటాయి. నూనె కాగితే ప్లేట్లు జారతాయి. జారితే ఇంకా కాగుతుంది. ఒకసారి ఆ దారి పట్టాక బాక్సు బతకదు.

దీనికి సరైన మందు రెండే. పాత టైర్లు వేసుకోవడం ఒకటి. లేదంటే ఇరుసుల్లో ఉండే క్రౌన్, పినియన్ పళ్ల చక్రాలు మార్చి, పోయిన బలాన్ని తిరిగి తీసుకురావడం. ఆ బండికి ముందూ వెనకా రెండు ఇరుసుల్లోనూ మార్చాలి. సెట్లు బయటి నుంచి రావడానికి నెలన్నర పడుతుంది. నూనె చల్లబరిచే కూలర్ కూడా పెద్దది వేయాలి.

ఇదంతా నాకు తెలుసు. తెలియక చేసిన తప్పయితే ఇది రాసేవాణ్ణి కాదు.

ఫోన్లో చలమయ్య గారికి చెప్పాను. ఆయన చివరిదాకా వినలేదు. "టైర్లు తీసే మాటే లేదు. నెలన్నర అంటే ఎట్టా? బండి నాకు ఎల్లుండికి కావాల. నీకు చేతగాకపోతే చెప్పు, హైదరాబాదు పంపిస్తా" అన్నారు.

చేతగాకపోతే అన్న ఒక్క మాట నన్ను గుచ్చింది. "ఎందుకు చేతగాదండీ, రేపు సాయంత్రానికి తీసుకుపోండి" అన్నాను.

లాప్‌టాప్

గేరుబాక్సు కంప్యూటర్‌లోకి దూరి, ఏ వేగానికి ఏ గేరు పడాలో మార్చే సాఫ్ట్‌వేర్ అప్పటికి నా దగ్గర కొత్త. ముందుగా టైరు కొలత సరిచేశాను. మీటరు నిజం చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

తర్వాత నాలుగో గేరు పడ్డాక అంత తేలిగ్గా కిందికి దిగకుండా కట్టేశాను. నూనె ఒత్తిడి పెంచాను. దాంతో గేర్లు టక్కుమని గట్టిగా పడసాగాయి. సత్తెనపల్లి దాకా సమంగా ఉన్న రోడ్డు మీద తోలి చూశాను. ఊగులాట లేదు. కొత్త బండిలా పోయింది. నేను చేసింది రోగం తగ్గించడం కాదు, రోగి మూలుగు బయటికి వినపడకుండా చేయడం. ఇంజన్ లోపల ముక్కుతూనే ఉంది. పైకి తెలియదు.

ఏసోబును పక్కన కూర్చోబెట్టుకుని క్వారీ దారిలో ఒక్కసారి ఎక్కి దిగి ఉంటే ఆ రోజే తెలిసిపోయేది. నేను వెళ్లలేదు. చలమయ్య గారు మాత్రం బండి తోలి చూసుకుని, "కోటేశ్వరరావంటే కోటేశ్వరరావే" అన్నారు.

రెండు వారాల తర్వాత ఏసోబు ఒక్కడే బండి తీసుకుని వచ్చాడు.

"మేస్త్రిగారూ, క్వారీలో ర్యాంపు ఎక్కేటప్పుడు ఈ ఎర్ర లైటు ఎలుగుతంది. ఏదో మాడు వాసన కూడా వస్తంది."

అది గేరుబాక్సు నూనె కాగిపోతోందని చెప్పే లైటు. అది ఎందుకు వెలుగుతోందో అతని వాక్యం పూర్తయ్యేలోపే నాకు అర్థమైంది. షెడ్డులో ఇంకో ఇద్దరు కస్టమర్లు కూర్చుని ఉన్నారు. నేను చేసిన పని పనికిరాలేదని వాళ్ల ముందు ఒప్పుకోవాలి.

"నువ్వు బ్రేకు మీద కాలు పెట్టి తోలుతుంటావు. ఆటోమేటిక్ తోలడమంటే లారీ తోలడం కాదు ఏసోబూ" అన్నాను, వాళ్లకు వినపడేట్టు.

"లేదు మేస్త్రిగారూ. నేను కుడికాలొక్కటే వాడతా. ఎడంకాలు అసలు కదపను."

"సర్లే, చూస్తా" అని లాప్‌టాప్ పెట్టాను. ఎంత వేడికి లైటు వెలగాలో కంపెనీ ఒక హద్దు పెడుతుంది. ఆ హద్దును పైకి జరిపాను. మామూలుగా ఆ బండి చేరలేనంత పైకి. ఇంజన్ స్టార్ట్ చేసి చూపించాను. లైటు లేదు.

"ఇంక రాదులే, పో."

ఏసోబు మీటర్ల వైపు చూశాడు. నా వైపు చూశాడు. బండెక్కి వెళ్లిపోయాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదని అప్పట్లో నన్ను నేను నమ్మించుకున్నాను.

లైటును ఆర్పడానికి లైటును ముట్టుకునే మెకానిక్‌ను నమ్మకండి. మీరు అలాంటి మెకానిక్ కాకండి. కస్టమరు తొందరపెడతాడు, బెదిరిస్తాడు, పక్క ఊరు పోతానంటాడు. పోనివ్వండి.

ర్యాంపు మీద

ఎండలు ముదిరాక జరిగింది. క్వారీ అడుగు నుంచి పైకి వచ్చే దారిని ర్యాంపు అంటారు. ఒకవైపు రాతి గోడ, ఇంకోవైపు గొయ్యి. ఏసోబు వెనక సీట్లో ఇద్దరు డ్రిల్లింగ్ కూలీలను, తొట్టిలో వాళ్ల సామాన్లను వేసుకుని పైకి వస్తున్నాడు. సగం ఎక్కాక బండి లాగడం ఆగిపోయింది. ఇంజన్ మోగుతోంది, చక్రాలు తిరగడం లేదు. లోపల ప్లేట్లు పూర్తిగా కాలిపోయాయి.

బండి వెనక్కి జారింది. బ్రేకు తొక్కాడు. చక్రాలు ఆగాయి గానీ, రాతి పొడి మీద బండి అలాగే జారుతూ పోయింది. నలభై అడుగుల గొయ్యి కుడివైపున ఉంది. ఏసోబు స్టీరింగు తిప్పి, బండి వెనక భాగాన్ని గోడకేసి కొట్టించాడు. బండి ఆగింది. కూలీలిద్దరికీ దెబ్బలు తగిలాయి గానీ పెద్దవి కావు. గుద్దుకున్న అదురుకు స్టీరింగు వెనక్కి తిరిగి, ఏసోబు కుడి మణికట్టు విరిగింది.

ఇది నేను చూడలేదు. ఆ ఇద్దరు కూలీలలో ఒకతను చెప్పాడు. "ఇంకొకడయితే దూకేవోడయ్యా. ఆయన మమ్మల్ని వదిలి దూకలా" అన్నాడు. అతను ఈ మాట నాతో అన్నది చాలా కాలం తర్వాత.

నేను చెప్పిన మాట

మర్నాడు బండిని ఇంకో లారీకి కట్టి నా షెడ్డుకు లాక్కొచ్చారు. దాంతోపాటు క్వారీ డ్రైవర్లు నలుగురైదుగురు వచ్చారు. చలమయ్య గారు కారులో వచ్చారు. చేతికి కట్టుతో ఏసోబు కూడా వచ్చాడు. రావక్కర్లేదు. బండికి ఏమైందో నా నోట వినాలని వచ్చాడు.

చలమయ్య గారు అందరి ముందూ అడిగారు. "చెప్పు కోటేశ్వరరావూ. బాక్సు దానంతటది పోయిందా, వీడు పోగొట్టాడా?"

బాక్సు ఇంకా విప్పలేదు. విప్పి చెబుతానని అనవచ్చు. ఒక్క రోజు గడువు అడగవచ్చు. ఆ కొద్ది క్షణాల్లో నా కళ్ల ముందు కదిలింది నా షెడ్డు బోర్డు. నిజం చెబితే మాచర్ల నుంచి గుంటూరు దాకా ఆ మాట పాకుతుంది.

"ర్యాంపు మధ్యలో లివర్ని న్యూట్రల్‌లోకి తోసి ఉంటాడు. బండి జారేసరికి కంగారుపడి, ఇంజన్ రేసులో ఉండగానే మళ్లీ డ్రైవ్‌లోకి లాగి ఉంటాడు. దాంతో ప్లేట్లు పోయి ఉంటాయి" అన్నాను.

తోసి ఉంటాడు, లాగి ఉంటాడు, పోయి ఉంటాయి. అన్నీ అనుమానంగానే అన్నాను. పచ్చి అబద్ధం చెప్పలేదని తర్వాత నాకు నేను చెప్పుకోవడానికి ఆ మాటలు పనికొచ్చాయి. విన్నవాళ్లకు అనుమానం వినపడలేదు.

"మేస్త్రిగారూ, నేను లివర్ ముట్టుకోలేదు. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నయ్" అన్నాడు ఏసోబు. గొంతు పెంచలేదు.

నేను వంగి బండి కింద ఏదో వెతుకుతున్నట్టు నటించాను.

"మెకానిక్కే చెప్తంటే ఇంక నువ్వేంది చెప్పేది?" అన్నారు చలమయ్య గారు. "ఇద్దరు మనుషుల్ని చంపేవోడివి. ఇంక రాబాకు."

ఆ రోజు నుంచి క్వారీ డ్రైవర్లు అతన్ని 'న్యూట్రల్ ఏసోబు' అనడం మొదలుపెట్టారు. పిడుగురాళ్ల దాకా ఆ పేరు పాకింది. మణికట్టు సరిగా అతుక్కోలేదు. అతుక్కుని ఉన్నా, ఆ పేరున్న డ్రైవర్‌కు ఎవరూ బండి ఇవ్వరు.

విప్పి చూస్తే

బాక్సు నేనే విప్పాను. ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు. నూనె తారులా నల్లగా వచ్చింది. ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుపోయి, ఇనుము నీలంగా మారి ఉంది. రేసులో లివర్ లాగితే ఏదో ఒకటి విరుగుతుంది, పళ్లు ఊడతాయి. ఇక్కడ ఏదీ విరగలేదు. అన్నీ సమానంగా, మెల్లగా, వారాల తరబడి కాలాయి. నా దగ్గర రెండేళ్లు పని నేర్చినవాడు ఎవడైనా చూడగానే చెప్పేస్తాడు.

కంప్యూటర్‌లో ఇంకో సాక్ష్యం ఉంది. ఎన్నిసార్లు నూనె ఎంత వేడెక్కిందో అది రాసి పెట్టుకుంటుంది. చూశాను. ఆ లెక్క చెరిపేశాను. ప్లేట్లను పాత ఇనుములో కలిపేశాను.

ఆ సాయంత్రం ఇంట్లో మా ఆవిడ, "ఆ డ్రైవరుదే తప్పంట గదా?" అని అడిగితే, అవునన్నాను.

రెండోసారి సరిగ్గా చేశాను

బాక్సు ఎలాగూ కొత్తది వేయాలి కాబట్టి, ఈసారి నెలన్నర ఆగమని చలమయ్య గారికి చెప్పాను. ఈసారి ఆయన మారు మాట్లాడలేదు. ముందూ వెనకా క్రౌన్, పినియన్ సెట్లు వేశాను. పెద్ద కూలర్ వేశాను. ఒత్తిడి, గేర్లు మారే వేగాలు అన్నీ కంపెనీ పెట్టిన చోటికి తెచ్చి, కొత్త పళ్ల లెక్క, టైరు కొలత మాత్రం ఎక్కించాను. లైటు హద్దును దాని చోటికి దించాను. కొత్త బాక్సు తనంతట తాను గేర్లు సర్దుకోవడానికి మెల్లగా రెండు వందల కిలోమీటర్లు తోలించాను. కొత్త డ్రైవరు పక్కన కూర్చుని నేనే క్వారీలోకి వెళ్లాను.

ర్యాంపు ఎక్కుతుంటే బండి రెండో గేరు పట్టుకుని, తొట్రుపాటు లేకుండా పైకి వచ్చింది. వాసన లేదు. నూనె వేడి చూశాను. ఉండాల్సినంతే ఉంది. పెద్ద టైర్ల బండిలో గేర్లు ఎలా పడాలో చూపించమంటే ఆ బండినే చూపిస్తాను. నా చేతి మీదుగా జరిగిన మంచి పనుల్లో అదొకటి.

పైన నిలబడి చూస్తున్న చలమయ్య గారు నా భుజం తట్టారు. "చూశావా కోటేశ్వరరావూ, డ్రైవర్ని మార్చేసరికి బండి ఎట్టా దారికొచ్చిందో!"

నేను నవ్వాను. వాళ్లిచ్చిన టీ తాగాను. ఒక అబద్ధం నేను కంగారులో చెప్పాను, సరే. ఈ నవ్వు కంగారులో నవ్వింది కాదు. ఆ రోజు సరిగ్గా చేసిన నా పని కూడా ఏసోబుకు వ్యతిరేకంగా సాక్ష్యమే చెప్పింది. నేను చెప్పనిచ్చాను. ఇది జరిగి ఆరేళ్లయింది.

ముప్పాళ్ళ

ఐటీఐలో ఆ అమ్మాయి అడిగిన మూడో రోజున ముప్పాళ్ళ వెళ్లాను. ఏసోబు పల్లె పేరు గుర్తుంది. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. మనిషి ఇంట్లో లేడు. ఒక రైతు కళ్లంలో ఆరబోసిన మిరపకాయలకు కాపలా ఉంటున్నాడని చెబితే అక్కడికి పోయాను. భార్య మరియమ్మ అక్కడే తాలు కాయలు ఏరుతోంది. ఏసోబు ఎడం చేత్తో, కాయల మీద కప్పే పరదా సర్దుతున్నాడు. నన్ను గుర్తుపట్టి, నిలబడ్డాడు.

"దా అన్నా. ఎండన పడొచ్చావు. మంచినీళ్లు తాగు."

మేస్త్రిగారూ అనలేదు. ఇప్పుడు అతనికి నేను మేస్త్రిని కాదు.

మిరప ఘాటుకు దగ్గు వస్తోంది. దగ్గుతూనే అంతా చెప్పాను. గేరు కట్టేసిన సంగతి, లైటు హద్దు జరిపిన సంగతి, ప్లేట్లు చూసిన సంగతి, లెక్క చెరిపిన సంగతి. మరియమ్మ చేతులు ఆగిపోయాయి. ఏసోబు పరదా కొస మీద రాయి పెట్టి వచ్చి కూర్చున్నాడు.

"నాకు తెలుసన్నా" అన్నాడు.

"ఎప్పటి నుంచి?"

"నువ్వు లైటు ఆర్పిన రోజు నుంచి. బానెట్ ఎత్తకుండా, కిందకి దూరకుండా, ఒక తీగ తగిలించి కూర్చుని ఆర్పావు. ఇరవై ఏళ్లు బండ్లు తోలినోణ్ణి, ఆ మాత్రం తెలవదా?"

"మరి ఆ రోజు అందరి ముందూ ఎందుకు చెప్పలేదు?"

సమాధానం మరియమ్మ చెప్పింది. "చెబితే ఎవురింటారయ్యా? నువ్వు మేస్త్రివి. ఈయన చెయ్యిరిగిన డ్రైవరు. నువ్వు వంగి బండి కిందకి చూశావంట గదా. ఇంటికొచ్చి అదే చెప్పుకుని ఏడ్చాడు. మెకానిక్కు నా మొహం చూడలా అని."

వైద్యానికి ఏమైనా సాయం చేస్తానని గొణిగాను. ఏసోబు తల అడ్డంగా ఊపాడు.

"అదేం వద్దు. ఇక్కడ కళ్లంలో చెబితే మిరపకాయలు వింటయ్. అక్కడికొచ్చి చెప్పు. ఎవురి ముందర అన్నావో వాళ్ల ముందర. నేనూ వస్తా."

క్వారీ దగ్గర

మరుసటి వారం ఇద్దరం బస్సులో వెళ్లాం. ముందు చలమయ్య గారిని ఆఫీసులో కలిసి చెప్పాను. "ఎప్పటి సంగతో ఇప్పుడెందుకయ్యా? నాకు చెప్పావు, అయిపోయింది" అన్నారు. అంతటితో సరిపెట్టుకోవాలని నాకూ అనిపించింది. నిజంగానే అనిపించింది. తలుపు దగ్గర ఏసోబు నిలబడి ఉన్నాడు కాబట్టి కాళ్లు కదిలాయి.

లోడు తూచే కాటా దగ్గర లారీలు వరుసలో ఆగి ఉన్నాయి. డ్రైవర్లు టీ కొట్టు నీడన ఉన్నారు. ఆ రోజు నా షెడ్డుకు వచ్చినవాళ్లలో ముగ్గురు అక్కడే ఉన్నారు. నిలబడి చెప్పాను. బండి పాడుచేసింది నేను, లివర్ ఈయన ముట్టుకోలేదు, నాకది అప్పుడే తెలుసు అని. లారీల చప్పుడుకు సగం వినపడక ఒకతను మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది.

ఎవరూ నన్ను తిట్టలేదు. వాళ్లలో పెద్దవాడు ఒకతను టీ గ్లాసు కింద పెట్టి, ఏసోబు దగ్గరకు వచ్చి, "ఆరేళ్లు ఆ పేరుతోనే పిలిచాం గదరా నిన్ను" అన్నాడు. ఏసోబు, "మీకేం తెలుసు" అన్నాడు. చలమయ్య గారు మనిషిని పంపి, గేటు దగ్గర లారీల నంబర్లు రాసే పని ఇస్తామని చెప్పించారు. ఏసోబు ఆలోచించి చెబుతానన్నాడు.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. గుండెల మీద నుంచి కాస్త బరువు దిగినట్టు ఉంది నాకు. పిడుగురాళ్ల దాటాక ఏసోబు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు.

"అన్నా, అంతా చెప్పావు గానీ ఒకటి మరిచిపోయావు."

"ఏంది?"

"బండి జారిన రోజు పొద్దున నీకు ఫోన్ చేశా గదా. ర్యాంపు కింద నిలబడి. మాడు వాసన చానా గట్టిగా ఉంది, మనుషులున్నారు, ఎక్కించనా వద్దా అని అడిగా."

"నేనేమన్నాను?"

"లైటు ఎలుగుతందా అని అడిగావు. లేదని చెప్పా. అయితే ఎక్కించు అన్నావు."

అతని గొంతులో కోపం లేదు. నేను దాచిపెట్టాననుకోలేదు, మరిచిపోయి ఉంటాననే అనుకున్నాడు. సత్తెనపల్లిలో ముప్పాళ్ళ బస్సు కోసం లేచి, సంచీ ఎడం చేతికి మార్చుకుని, వెళ్లొస్తానని చెప్పి దిగిపోయాడు.

ఇంటికొచ్చి ఎంత ఆలోచించినా ఆ ఫోను నాకు గుర్తు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఏ బండి కిందో పడుకుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, పని ఆపకుండానే చెప్పి ఉంటాను.